ఓబులమ్మ తోక ఎత్తిన రోజు

నల్లమలలో వాగు మెలిక తిరిగే చోట ఒక పెద్ద మద్దిచెట్టు ఉంది. దాని కింద కూతల బడి నడిచేది. దుప్పి పిల్లలు, కుందేలు పిల్లలు, పంది పిల్లలు, అందరూ కాళ్ల మీద నిలబడ్డం రాగానే అక్కడ చేరాల్సిందే. చిరుత కదిలితే నెమలి ఎలా అరుస్తుంది, రేచుకుక్కలు వస్తే దుప్పి ఎలా కూస్తుంది, కోతుల ఇంటి గొడవకీ నిజమైన భయానికీ గొంతులో తేడా ఏమిటి, ఇదీ అక్కడి చదువు. ఈ చదువులో తప్పితే మళ్లీ పరీక్షకు కూర్చునే వీలుండదు. తప్పినవాణ్ణి ఆ సాయంత్రమే ఎవరో ఒకరు తినేస్తారు.

పాఠం చెప్పేది ఓబులమ్మ అనే ముసలి కొండముచ్చు. అడవంతా ఆమెను అవ్వ అనే పిలిచేది. ఇప్పుడు మందలకు పెద్దలుగా ఉన్నవాళ్లంతా ఒకప్పుడు ఆమె కొమ్మ కింద నిలబడి చదువుకున్నవాళ్లే. ఆమె దగ్గర రెండు కట్టుబాట్లు ఉండేవి. ఆమెతో మాట్లాడేవాళ్లు ఎదురుగా నిలబడి, మొహం ఎత్తి, నోరు బాగా తెరిచి మాట్లాడాలి. పక్కకు తిరిగి గొణిగితే జవాబు రాదు. ఇక రెండోది, ఎంత భయంకరమైన కూత వినబడినా అవ్వ తోక నిట్టనిలువుగా లేచేదాకా ఎవరూ పరుగెత్తకూడదు. తోక లేచాక మాత్రం ఆలోచన పనికిరాదు. తోక కొస ఎటు వంగితే అందరూ అటు ఉరకాలి. భయంతో తలా ఒక దిక్కుకు పరుగెత్తి చచ్చిపోయే పిల్లల్ని చూసి చూసి ఆమె పెట్టిన పద్ధతి అది. పాలు మరవకముందే అది పిల్లల ఒంట్లో ఇంకిపోయేది.

చెన్నమ్మ అనే దుప్పి చాలా ఏళ్లుగా ఆ బడిలో చిన్న పంతులమ్మగా ఉంది. కొత్త పిల్లల్ని వరసలో నిలబెట్టడం, తల్లి కోసం ఏడిస్తే ఓదార్చడం, ఎండాకాలంలో చెలమ దగ్గరికి తీసుకెళ్లి నీళ్లు తాగించడం, అన్నీ ఆమె పనులే. పాఠం మాత్రం ఒక్కరోజూ చెప్పలేదు. ఏటా తొలకరి పడ్డాక అవ్వ మంద ముందు, ఒక దిక్కున చిరుత ఉందనుకోమని, ఆమె చేత ఒక కూత వేయించేది. అయ్యాక తల అడ్డంగా ఊపి, ఇంకా పండలేదు అనేది. ఎందుకు పండలేదో చెప్పేది కాదు. చెన్నమ్మతో చదువుకున్నవాళ్లు మందలు నడుపుతున్నారు, ఆమె ఇంకా పిల్లల వరసలు సరిచేస్తూనే ఉంది. కడుపులో మంట ఉండదా మరి? ఉంది, బయటపెట్టేది కాదు, అంతే.

ఈ బడి మీద జంబులయ్య అనే నక్క కన్ను పడింది. ఒకనాడు అతను మద్దిచెట్టు వెనకనుంచి వస్తూ అవ్వను పలకరించాడు. అవ్వ పలకలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచాడు. అవ్వ నింపాదిగా చిగుళ్లు నములుతూ కూర్చుంది. గొంతు చించుకుని పిలిచినా తల తిప్పలేదు. చుట్టూ తిరిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాడో లేదో, ఎప్పుడొచ్చినావు జంబులయ్యా అంది. నక్క ఏమీ ఎరగనట్టు క్షేమసమాచారం అడిగి వెనక్కి మళ్లాడు. ఆ పూట సంతోషంతో అతనికి తిండి కూడా సయించలేదట.

మర్నాడే చెన్నమ్మ దగ్గర కూర్చున్నాడు. నీలాంటిదాన్ని పిల్లల ముడ్డి కడగడానికి పెట్టుకుంది ముసల్ది, నీ వయసంతా ఈ చెట్టు కిందే తెల్లారిపోతోంది అని తెగ బాధపడిపోయాడు. అందులో అబద్ధం కూడా లేదు. అదే దాని బలం. తర్వాత అడవికి పెద్దగా ఉన్న తిమ్మన్న అనే అడవిపంది దగ్గరికి వెళ్లాడు. వయసుమళ్లినవాళ్లను ఇంకా పనిలో పెట్టి పీడించడం మనకు మర్యాద కాదన్నాడు. అవ్వకు విశ్రాంతి ఇద్దాం, దండ వేద్దాం, చిగుళ్లు మనమే మోసుకెళ్లి ఇద్దాం అన్నాడు.

తిమ్మన్న మొరటువాడే కానీ కృతజ్ఞత లేనివాడు కాదు. "ఆయమ్మ చెప్పిన చదువుతోనే నేను బతికినాను. ఈ పొద్దు నేనెట్ల దిగమంటాను?" అన్నాడు.

దిగమనేది మనం కాదు, పరీక్ష అన్నాడు నక్క. చాటుగా కూతలు వేయిద్దాం, ఎవరి కూతో ఎటు నుంచో అవ్వ చెప్పాలి, చెబితే ఆమె ఉన్నన్నాళ్లూ ఆమే పంతులమ్మ. తప్పితే చెన్నమ్మ కూర్చుంటుంది. ఒక్క ఇబ్బంది ఉంది, దుప్పి తోక జానెడు కూడా ఉండదు, వెనక వరసలో పిల్లలకు కనబడదు. పోనీ, తోక ఎత్తే పని వరకు నేను చూసుకుంటాలే, పుణ్యం వస్తుంది అన్నాడు. తిమ్మన్న తల ఊపాడు. చెన్నమ్మ ఊపింది. విన్నవాళ్లంతా ఊపారు. పిల్లలు ఎటు పరుగెత్తాలో చెప్పే పనిని ఒక నక్క తోకకు అప్పగిస్తున్నామని అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పరీక్ష రోజున తొలకరి వాన వెలిసింది. పుట్టల్లోంచి ఉసిళ్లు కుప్పలుగా లేస్తున్నాయి. దూరంగా వెదురు పొద దగ్గర గుడ్ల మీద కూర్చున్న నెమలి ఒక్కటి తప్ప అడవంతా మద్దిచెట్టు కింద చేరింది. కూతలు వేయడానికి నక్క కుదుర్చుకున్నది పసులపోలిగాణ్ణి. నల్లగా, చీలిన తోకతో ఉండే ఆ పిట్ట ఎవరి గొంతునైనా అచ్చు దించేస్తుంది. ఒక పుట్ట ఉసిళ్లు మొత్తం దానికి ఇస్తానని మాట.

అవ్వ కొమ్మెక్కి కూర్చుంది. ఆమెకు ఏం జరగబోతోందో తెలుసు. మొహం చూస్తే తెలిసిపోతోంది. అయినా దిగిపోలేదు. ఆ కొమ్మ మీద కూర్చుని పిల్లల మొహాలు చూడకపోతే ఆమెకు రోజు ఎలా గడుస్తుందో ఆమెకే తెలియదు.

మొదలుపెట్టే ముందు నక్క సభకు ఒక ఆజ్ఞ వేశాడు. "ఈ పొద్దు ఏ కూత ఇనపడినా అది పరీక్షే. ఎవ్వరూ కదలగూడదు. చెవులు కూడా ఎత్తగూడదు, వాల్చుకొని నిలబడల్ల. మీరు కదిలితే అవ్వకు జవాబు అందించినట్టే." న్యాయంగానే ఉంది అనుకున్నారు అందరూ. పెద్దా చిన్నా అందరూ చెవులు కిందికి వాల్చేశారు. అది చూసి అవ్వ మొహం వాడిపోయింది.

పోలిగాడు పొదచాటు నుంచి దుప్పి కూత వేశాడు. చిరుతను చూసిన దుప్పి కూత అది. అబద్ధమని తెలిసినా అందరి గుండెలూ ఒక్కసారి ఎగిరిపడ్డాయి. ఎవరూ కదల్లేదు. అవ్వ కళ్లు మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు, ఒక్కో మొహం మీదుగా, దేన్నో వెతుకుతూ పోయాయి.

"ఎవరి కూత అవ్వా?" అని తిమ్మన్న ఎదురుగా నిలబడి అడిగాడు.

అవ్వ అతని నోటివైపు చూసింది. "ఇంకా కూయనేలేదు గదప్పా" అంది.

నక్క కనుసైగ చేశాడు. పోలిగాడు ఎగిరివచ్చి అవ్వ తలకు సరిగ్గా వెనక వాలి, చెవి పక్కనే ఇంకోసారి కూశాడు. కింద ఉన్న పంది పిల్లలు వణికిపోయాయి. అవ్వ రెప్ప కూడా వేయలేదు. ఎప్పుడు మొదలుపెడతారు అన్నట్టు తిమ్మన్న వైపే చూస్తూ కూర్చుంది.

అప్పుడు తెలిసింది అందరికీ. కూతల బడి పంతులమ్మకు చెవులు లేవు. ఈ ఏడు పోలేదు, నిరుడు పోలేదు, ఎప్పుడో పోయాయి. తమ పిల్లల్ని, కొందరైతే తమ పిల్లల పిల్లల్ని కూడా, వినడం నేర్చుకోమని వినబడని గురువు దగ్గరికి పంపారు. తల్లులు తమ పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. మొహం చూసి మాట్లాడమని అవ్వ అన్నేళ్లు ఎందుకు పట్టుబట్టిందో ఇప్పుడర్థమై, దాన్ని మర్యాద అనుకున్నందుకు తిమ్మన్నకు తల కొట్టేసినట్టయింది.

చెన్నమ్మ మెల్లగా ముందుకు నడిచి కొమ్మ కింద నిలబడింది. మొహం ఎత్తింది. నేర్పిన పద్ధతిలోనే, నోరు బాగా తెరిచి అడిగింది.

"అవ్వా, నా కూత పండలేదని ప్రతి తొలకరికీ అన్నావు. నా వయసంతా అయిపోయినాది. నువ్వు నా కూత ఒక్కసారన్నా ఇన్న్యావా?"

"ఇనలేదమ్మీ" అంది అవ్వ.

ఈ కథ నాకు చెప్పినవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగేవాళ్లు. నేనూ ఆగుతాను. ఎంత మంచి గురువైనా కానీ, ఈ పని చేసిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. కానీ చేసింది.

తిమ్మన్న నేల చూస్తూ తీర్పు చెప్పాడు. అవ్వకు ఆ మాటలు అందలేదు, వంగిన తల మాత్రం కనబడింది. ఆమె లేచి, కొమ్మను ఒకసారి చేత్తో తడిమి, మాను పట్టుకుని దిగడం మొదలుపెట్టింది. వయసు కదా, నిదానంగా దిగుతోంది. నక్క పుట్ట మీదికెక్కి నిలబడి, తోక దులుపుకుని, ఇకమీదట ఎలా ఉండబోతుందో పిల్లలకు చెబుతున్నాడు. పోలిగాడు పక్క కొమ్మ మీద కూర్చుని జీతం తింటున్నాడు.

అప్పుడే వెదురు పొద వైపు నుంచి నెమలి అరిచింది.

భయంకరంగా అరిచింది. ఒకసారి కాదు, వెంటవెంటనే. సభలో ఎవరూ కదల్లేదు. కదలకూడదు కదా. పరీక్ష ఇంకా అయిపోలేదేమో అనుకున్నారు. నక్క కళ్లు మూసుకుని తల ఊపాడు. "భలే గొంతురా పోలిగా, నెమలి కూడా ఇంత బాగా అరవదు. ఇది పరీక్షే, ఎవురూ కదలొద్దండి" అన్నాడు. చిరుత వస్తోందని అడవి అరుస్తుంటే, అరుపులు వినడం నేర్చుకున్న అడవంతా చెవులు వాల్చుకుని బుద్ధిగా నిలబడింది.

సగం మాను మీద ఉన్న అవ్వకు ఆ అరుపు వినబడలేదు. కానీ ఆమె తల అలవాటుగా పిల్లల వైపు తిరిగింది. ముందు వరసలో ఒక కుందేలు పిల్ల ఉంది, ఆ రోజే బడిలో చేరింది, నక్క ఆజ్ఞ దానికి అర్థం కాలేదు. దాని రెండు చెవులూ నిటారుగా వెదురు పొద వైపు నిలబడి ఉన్నాయి. అవ్వ పుట్ట మీది నక్క నోరు చూసింది. పక్క కొమ్మ మీది పోలిగాణ్ణి చూసింది.

ఆమె తోక లేచింది. నిట్టనిలువుగా లేచి, కొస వాగు వైపు వంగింది.

అప్పటికే ఆమెను బడిలోంచి తీసేశారు. ఆమె తోకను లెక్కచేయాల్సిన పని ఎవరికీ లేదు. అయినా ఆ తోకను చూసినవాళ్లలో ఒక్కరూ ఆలోచించలేదు. చెన్నమ్మ కాళ్లు ఆమె కన్నా ముందు లేచాయి. తిమ్మన్న, దుప్పులు, పంది పిల్లలు, కుందేళ్లు, ఆ కొత్త పిల్లతో సహా, ఒకే దారిన వాగు వైపు ఉరికారు. చిరుత వెదురు పొదలోంచి దూకేసరికి చెట్టు కింద తొక్కిన బురద తప్ప ఏమీ లేదు.

పుట్ట మీద నక్క ఒక్కడే మిగిలాడు. వెదురు పొదకు వీపు పెట్టి, పారిపోతున్నవాళ్లను కేకలేస్తున్నాడు. ఎక్కడికిరా పోతారు, ఇది పరీక్షే అని చెప్పలేదా అంటున్నాడు. వెనక ఊపిరి తగిలాక తిరిగి చూశాడు. చిరుత పంజా తల మీద పడబోయి, త్రుటిలో తప్పి, ఎడమ చెవిని మొదలంటా ఊడబీక్కుపోయింది. నక్క అరుచుకుంటూ ముళ్లకంపలో దూరాడు. ఆ కంపలోకి చిరుత దూరలేక, కాసేపు చుట్టూ తిరిగి వెళ్లిపోయింది.

చెట్టు కిందికి మళ్లీ అందరూ చేరేసరికి ఎండ కాసింది. చెవులున్నవాళ్లంతా వింటూ నిలబడ్డారు, చెవులు లేని ముసలమ్మ కాపాడింది. ఇది ఎలా జరిగిందో ఎవరికీ మింగుడుపడలేదు. తిమ్మన్న అవ్వ ఎదురుగా వచ్చి, ఎట్ల తెలుసుకున్యావు అని అడిగాడు.

"జంబులయ్య నోరు భలే గొంతు అంటా ఉండాది. పోలిగాని నోటినిండా ఉసిళ్లు ఉండాయి. మరి గొంతు ఎవరిది?" అంది అవ్వ.

తర్వాత చెప్పింది మిగతాదంతా. చెవులు మందగించడం మొదలైనప్పుడే ఆమె చెవులు చూడడం మొదలుపెట్టింది. ఏ కూతకు దుప్పి చెవి ఎటు తిరుగుతుంది, కుందేలు ఏ చెవి ముందు లేపుతుంది, ఉత్తి గోలకు పందులు ఎంతసేపు మేత ఆపుతాయి, నిజమైన భయానికి ఎంతసేపు ఆపుతాయి, రోజూ చూసి మనసులో పెట్టుకుంది. వినబడిన రోజుల్లో కూతలు మాత్రమే తెలిసేవని, వినబడడం మానేశాకే అడవంతా తెలిసిందని అంది. ఆ చూపుతోనే ఇన్నాళ్లూ తోక ఎత్తింది. ఈ చదువు ఇంకా సగమే అయిందట. ఇప్పుడిప్పుడే నెమళ్ల మెడలు అర్థమవుతున్నాయట.

తిమ్మన్న సిగ్గుతో, తీర్పు వెనక్కి తీసుకుంటాం, కొమ్మెక్కమని బతిమాలాడు. అందరూ ఔనన్నారు. చెన్నమ్మ ఒక్కతే అనలేదు. ఆమెకు ఇంకా జవాబు రాలేదు.

"ప్రాణం కాపాడినావు, సరే. నా కూత ఇనకుండానే పండలేదని ఎందుకన్యావు?"

"నువ్వు కూసినప్పుడు మందలో వాళ్ల చెవులు చూసినాను. ప్రతిసారీ అవి నీ పక్కకే తిరిగినాయి. భయం ఉండే దిక్కుకు తిరగలేదు. నువ్వు తల వంచుకొని కూస్తావు అమ్మీ. మొహం భయం పక్కకు ఎత్తి కూయల్ల."

తన బతుకంతా ఆగిపోయింది ఇంత చిన్న మాట దగ్గరా అనిపించింది చెన్నమ్మకు. "ఇది మొదటి ఏడే చెప్పింటే?" అంది.

"చెబితే ఎట్ల తెలుసని అడుగుతావు. నా చెవుల సంగతి చెప్పల్ల. చెబితే కొమ్మ దించుతారు" అంది అవ్వ. "నా కొమ్మ కోసం నీ కాలం తినేసినాను. అది తప్పే."

అంతమంది ముందు అవ్వ నోట ఆ మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు. అవ్వ తిమ్మన్న వైపు తిరిగి, కూతలు చెప్పడానికి చెవులు కావాలి, ఇకమీదట చెన్నమ్మే చెట్టు కింద నిలబడి పాఠం చెప్పాలి అంది. తనకు కింద కొమ్మ ఒకటి ఉంచితే చాలు, చెవులు చూసే చదువు చెప్పుకుంటాను, తోక ఎత్తే పని కూడా ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం చేస్తాను, నక్క తోక కన్నా నా తోకే పొడుగు అంది. చెన్నమ్మకు కోపం పోలేదు. పోవాల్సిన కోపమూ కాదది. కానీ ఒప్పుకుంది. కళ్లు మసకబారితే ఆ రోజే తనకు చెప్పాలని మాట తీసుకుంది. అవ్వ చెన్నమ్మ నోటివైపే చూస్తూ తల ఊపింది. మర్నాడు చెన్నమ్మ వెదురు పొద పక్కకు మొహం ఎత్తి వేసిన మొదటి కూతకు మందలో ప్రతి చెవీ వెదురు పొద వైపు తిరిగింది. పండింది అని అవ్వ సైగ చేసింది.

కొన్నాళ్లకు జంబులయ్య బడికి వచ్చాడు. ఒళ్లు చిక్కిపోయింది. ఒక్క చెవితో కూత వినబడుతోంది కానీ ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు. భయపడి ఇటు పరుగెత్తితే భయం ఎదురవుతోంది. వినబడకపోయినా బతికే చదువేదో తనకూ చెప్పమని, అవ్వ ఎదురుగా నిలబడి, మొహం ఎత్తి, నోరు బాగా తెరిచి అడిగాడు.

తిమ్మన్న తరిమేయబోయాడు. అవ్వ వద్దంది. ముందు వరసలో, కుందేలు పిల్లల పక్కన, తనకు బాగా కనబడే చోట కూర్చోమంది. నక్క వినయంగా కూర్చున్నాడు. ఇక మొదటి పాఠం, నీ చుట్టూ ఉన్న చెవులు ఎటు చూస్తున్నాయో చూసి, భయం ఎక్కడుందో చెప్పు అంది అవ్వ.

నక్క చుట్టూ చూశాడు. కుందేలు పిల్లలవి, దుప్పి పిల్లలవి, పంది పిల్లలవి, బడిలో ఉన్న చెవులన్నీ నిటారుగా నిలబడి అతని వైపే తిరిగి ఉన్నాయి.

"సరిగ్గా ఉండాది" అంది అవ్వ పిల్లలతో.

నీతి: వయసు తీసుకెళ్లినదాన్ని గురువు దాచకూడదు, వయసు ఇచ్చినదాన్ని లోకం పారేయకూడదు.